ఎరుపు పోయేదాకా

కిందటి వారం మీరు నన్ను స్టోరు గది తలుపు ముందు వదిలి వెళ్లారు. అంతవరకూ జరిగింది క్లుప్తంగా చెబుతాను. మా లెక్కల మేడమ్‌ని మా బడి నుంచి పంపించేస్తున్నారు. ఆవిడ ఏ తప్పూ చేయలేదు. పాఠాలు మరీ బాగా చెప్పారట, అదీ కారణం. కొండగట్టు మీది ఇళ్లకి సిగ్నల్ లేదు, వానాకాలమైతే పిల్లలు నడిచి దిగే దారి కూడా ఉండదు. అందుకని మేడమ్ తరగతిలో చెప్పే ప్రతి పాఠాన్నీ నేను ట్యాబ్‌లో రికార్డు చేస్తాను. వారానికోసారి గట్టు పిల్లల ట్యాబ్‌లు పాల వ్యానులో కిందికి వస్తాయి. కొత్త పాఠాలు ఎక్కించుకుని, ఛార్జింగ్ పెట్టించుకుని, మళ్లీ ఆ పాల వ్యానులోనే పైకి పోతాయి. పాఠం చూసిన పిల్ల పేరు పక్కన పచ్చచుక్క పడుతుంది, చూడని పిల్ల పేరు పక్కన ఎర్రచుక్క. కొన్నాళ్లుగా మా బడిలో ఎర్రచుక్క అన్నదే లేదు. పిల్లలు వీడియోలు చూసే ఇంత బాగా చదువుకుంటుంటే ఆ మేడమ్ అక్కడెందుకు, లెక్కల టీచరే లేని బడికి పంపుదాం అని పై అధికారి అనుకున్నారు. మధ్యాహ్నం వీడియో మీటింగులో ఆ మాట అందరి ముందూ చెప్పబోతున్నారు.

అయితే ఆ పొద్దున ఉడత గట్టు దిగి బడికి వచ్చింది. ఎనిమిదో తరగతి పిల్ల, ఒకచోట కుదురుగా ఉండదని ఆ పేరు. మేడమ్ దాన్ని బోర్డు దగ్గరికి పిలిచి భిన్నాల లెక్క ఇస్తే, చాక్‌పీసు పట్టుకుని కదలకుండా నిలబడిపోయింది. “పాఠం చూశావు కదమ్మా?” అన్నారు మేడమ్. “ఏ పాఠం మేడమ్?” అంది ఉడత. దాని పేరు పక్కన మాత్రం వరసగా పచ్చచుక్కలే. స్టోరు గదిలోంచి దాని ట్యాబ్ తెమ్మని మేడమ్ నన్ను పంపారు. వెళ్లేసరికి తలుపు లోపల గడియ వేసి ఉంది. లోపలి నుంచి మేడమ్ గొంతు వినిపిస్తోంది. వెనక్కి తిరిగి చూస్తే, మేడమ్ వరండా అవతల తరగతిలో, ఉడత పక్కనే ఉన్నారు.

తలుపుకి చెవి ఆనించాను. లోపల ఉన్నది ఒక్క మేడమ్ కాదు. ఒకావిడ భిన్నాలు చెబుతోంది, ఇంకొకావిడ త్రిభుజాలు, మరో మూల ఇంకొకావిడ “వెనక బెంచీ, మాటలు చాలు” అంటోంది. ఎక్కడో రేడియో నవ్వింది. రేడియో అంటే నా పక్కన కూర్చునే పిల్ల, దాని నోటికి మూత లేదు. ఆ నవ్వు నాకు బాగా గుర్తు. మేడమ్ చేతిలోంచి పొడుగు స్కేలు జారి కిటికీలోంచి బయట పడ్డ రోజు నవ్విన నవ్వు అది. రికార్డు చేసింది నేనే.

తలుపు తట్టాను. మేడమ్‌లందరూ ఆగకుండా చెబుతూనే ఉన్నారు.

“ఎవరూ?” అంది, ఆ గొంతులన్నిటి మధ్యలోంచి మా అమ్మ గొంతు.

మా అమ్మ ఈ బడిలోనే ఆయా. గదులు ఊడవడం, నీళ్లు పట్టడం, గంట కొట్టడం ఆవిడ పనులు. ట్యాబ్‌లు వచ్చినప్పటి నుంచి వాటికి ఛార్జింగ్ పెట్టడం కూడా ఆవిడ మీదే పడింది. గడియ తీసి తల మాత్రం బయటపెట్టింది. భుజం మీద తడిగుడ్డ, చేతిలో చీపురు.

“ఏమే, క్లాసు లేదా నీకు?”

“లోపల ఏం చేస్తున్నావమ్మా?”

“కనబడట్లేదూ? ఊడుస్తున్నా.”

తలుపు కాస్త తోసుకుని లోపలికి వెళ్లాను. విరిగిన బెంచీలు, చిరిగిన మ్యాపులు, అడుగంటిన సున్నం డబ్బాలు ఉండే గది అది. గోడ పొడుగునా బెంచీలు వరసగా వేసి ఉన్నాయి. వాటి మీద గట్టు పిల్లల ట్యాబ్‌లన్నీ గోడకి ఆనించి, పక్కపక్కన నిలబెట్టి ఉన్నాయి. వైర్లన్నీ ఒకదానికొకటి చిక్కుపడకుండా అమ్మ పాత రిబ్బన్లతో కట్టింది. ప్రతి తెర మీదా మేడమ్. ఒకచోట నీలం చీర, ఒకచోట జలుబు చేసి ముక్కు ఎర్రబడిన మొహం. అందరూ ఒకేసారి గది మధ్యలోకి చూస్తూ మాట్లాడుతున్నారు. గది మధ్యలో చెత్త కుప్ప తప్ప ఏమీ లేదు.

“ఇవన్నీ ఎందుకు మోగుతున్నాయి?”

“ఛార్జింగ్ పెట్టాను.”

“ఛార్జింగ్ పెడితే పాఠాలు వాటంతటవే మొదలవుతాయా?”

అమ్మ నవ్వింది. దాచాలన్న ఆలోచన ఆ నవ్వులో లేదు. పైగా, నాకు తెలియని పని తనకి ఒకటి తెలుసన్న సంబరం కనిపించింది.

“ఎరుపు పోవాలంటే ఆడించాలి కదే. చివరిదాకా ఆడితే పచ్చగా అయిపోతుంది. కిందటి నెల ఈ చివరది ఎంత మొండికేసిందో! మూడుసార్లు ఆడిస్తే గానీ పచ్చబడలేదు.”

ఇంతలో ఒక ట్యాబ్ మాట ఆపేసింది. తెర మీద చిన్న పెట్టెలో ‘ఇంకా చూస్తున్నారా?’ అని పడింది. అమ్మ అటు చూడనైనా చూడకుండా వేలు చెంగుకి తుడుచుకుని నొక్కింది. మేడమ్ మళ్లీ మొదలుపెట్టారు.

“ఇదొకటి, మధ్యమధ్యలో ఏదో అడుగుతుంది. నొక్కకపోతే అలిగి కూర్చుంటుంది” అంది అమ్మ.

“ఏం అడుగుతుందో చదివావా ఎప్పుడైనా?”

“చదవడానికి తీరిక ఉండాలిగా. అవునంటే పోతుంది.”

నీలం చీర మేడమ్ బోర్డు మీద భిన్నం రాసి, చాక్‌పీసు బల్ల మీద పెట్టి, సూటిగా తెరలోంచి చూస్తూ, “ఇప్పుడు నువ్వు చెప్పు” అన్నారు. తరవాత నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దం గురించి మీకు చెప్పాలి. మేడమ్ ప్రతి పాఠంలోనూ ఇలా ప్రశ్న అడిగి ఊరుకుంటారు. పైన ఉన్న పిల్ల ఆలోచించుకుని, నోటితో జవాబు చెప్పుకోవడానికి వదిలిన సమయం అది. ఆ సమయంలో తరగతిలో ఎవరూ నోరు విప్పకూడదు. “అది వాళ్ల వంతు, మనం లాక్కోకూడదు” అంటారు మేడమ్. నేను కెమెరా కదపకూడదు, దగ్గు వస్తే మింగుకోవాలి. రేడియో రెండు చేతులతో నోరు మూసుకుని, కళ్లు పెద్దవి చేసుకుని కూర్చుంటుంది. మా బడిలో అంత గట్టిగా పాటించే నియమం ఇంకొకటి లేదు. జవాబు మాకు తెలిసినా గొంతులోనే ఆపుకుని, కనిపించని పిల్ల కోసం ఎదురుచూస్తాం.

ఇప్పుడు స్టోరు గదిలో మేడమ్ అలాగే ఎదురుచూస్తున్నారు. అమ్మ చీపురు పట్టుకుని వంగినదల్లా నడుము ఎత్తి, “ఊఁ” అంది.

“ఎందుకమ్మా ఊఁ అన్నావు?”

“అంతసేపు అలా మొహంలోకి చూస్తూ ఉంటే పలక్కుండా ఎలా ఉంటామే? పెద్దమనిషి. మర్యాదగా ఉండదూ?”

నాకు నవ్వు రావాల్సిన మాట అది. రాలేదు. నా వెనక అడుగుల చప్పుడు ఆగింది. తిరిగి చూస్తే గుమ్మంలో మేడమ్, మేడమ్ వెనక రేడియో.

“ట్యాబ్ తేవడానికి వెళ్లి ఇంతసేపా అని మేడమే వచ్చారే” అని రేడియో గుసగుసగా మొదలుపెట్టి, గది చూసి, మాట మధ్యలోనే వదిలేసింది. దాని జన్మలో మొదటిసారి అనుకుంటాను.

మేడమ్ అరుస్తారనుకున్నాను. అరవలేదు. మెల్లగా లోపలికి వచ్చి, ఉడత పేరు అంటించిన ట్యాబ్ ముందు నిలబడ్డారు. అందులో ఉన్నది నీలం చీర మేడమే. ఇంకా ఎదురుచూస్తున్నారు. మేడమ్ తన మొహంలోకి తనే చూసుకుంటూ ఆ నిశ్శబ్దం అంతా నిలబడ్డారు. చివరికి తెరలోని మేడమ్ తల ఊపి, “భేష్! చాలా బాగా చెప్పావు” అన్నారు.

ఆ మాట విన్నప్పుడు మేడమ్ మొహం ఎలా మారిందో నేను రాయలేను.

వంగి ఆ ట్యాబ్ ఆపేశారు. తరవాత పక్కది. వరసగా ఒక్కొక్క గొంతూ ఆగిపోతూ వచ్చింది. చివరిదీ ఆగాక, బయట కుళాయి నుంచి బకెట్లోకి పడుతున్న నీటి చప్పుడు వినిపించింది.

“మేడమ్, ఇంకా సగం కూడా కాలేదు” అంది అమ్మ. “ఇప్పుడు ఆపితే ఎర్రగానే ఉండిపోతాయి.”

“ఎప్పటి నుంచి చేస్తున్నారు ఆయమ్మా?”

“వానలు మొదలైనప్పటి నుంచి.” అమ్మ గొంతులో సంబరం తగ్గింది. “ఏం మేడమ్? తప్పా?”

మేడమ్ ఆగిపోయిన తెరల వైపు తిరిగారు. చెప్పాల్సిన బరువు నా మీద పడ్డట్టనిపించి, “అమ్మా, అది పిల్లలు చూడాలి” అన్నాను.

“తెలుసే. నాకా మాత్రం తెలీదా?” అమ్మకి కోపం వచ్చింది. “ఆ అక్కచెల్లెళ్ల సంగతి నీకు గుర్తులేదు. మేడమ్‌కి గుర్తుంటుంది. ఇద్దరూ మేకల వెంట తిరిగేవాళ్లు. పాఠం చూడలేదని నెలంతా ఎరుపు చూపించిందని, వాళ్ల ట్యాబ్ వెనక్కి తీసుకుని వేరే బడికి ఇచ్చేశారు. వ్యాను అద్దం పట్టుకుని వేలాడి ఏడ్చారు మేడమ్ ఆ పిల్లలు. నేనే వాళ్ల వేళ్లు విడదీశాను. డ్రైవరు వ్యాను కదిలించేస్తుంటే వేళ్లు నలుగుతాయని విడదీశాను. ఆ చిన్నది నన్ను కొరికింది కూడా.” చెయ్యి చాపింది. అక్కడ ఇప్పుడు గుర్తేమీ లేదు. “మళ్లీ అలాంటి పని నాకు పడకూడదనుకున్నా. ఇంట్లో పనుందో, తమ్ముణ్ణి ఎత్తుకుని తిరగాలో, ఏదో ఉంటుంది. ఆ పిల్లలు చూడకపోతే నేను ఆడిస్తాను, ఎరుపు పోతుంది, ట్యాబ్ వాళ్ల దగ్గరే ఉంటుంది. ఎప్పటికైనా చూస్తారు కదా అని.”

మేడమ్ ఒక బెంచీ చివర కూర్చున్నారు. ఆ బెంచీకి ఒక కాలు లేదు. ఊగితే రేడియో పరిగెత్తుకెళ్లి అటుపక్క పట్టుకుంది.

“ఆయమ్మా, నేను శనివారాలు గట్టెక్కేదాన్ని, గుర్తుందా?”

“ఎందుకు గుర్తుండదు? మోకాళ్లు పట్టుకుని దిగేవారు. వేణ్నీళ్లు కాచి ఇచ్చేదాన్నిగా. ఇప్పుడు ఆ తిప్పలు తప్పాయి.”

“ఏ ఇంటికి వెళ్లాలో నాకెలా తెలిసేది?”

అమ్మకి అర్థం కాలేదు. నాకు అర్థమై, అమ్మ మొహంలోకి చూడలేక కిటికీ వైపు తిరిగాను.

“ఎర్రచుక్క ఉన్న ఇంటికి వెళ్లేదాన్ని” అన్నారు మేడమ్. “చూడలేదంటే ఏదో అడ్డం వచ్చిందని. పనో, జ్వరమో, అర్థం కాక మూసేసిందో. అక్కడ కూర్చుని, ఆ పాఠం మళ్లీ చెప్పి వచ్చేదాన్ని. ఎరుపు పోయాక వెళ్లడం మానేశాను. అందరూ చూస్తున్నారు, వాళ్లకి నా అవసరం లేదు అనుకున్నాను. లోపల్లోపల కాస్త గర్వపడ్డాను కూడా.”

చీపురు అమ్మ చేతిలోంచి మెల్లగా కిందికి దిగింది.

“ఉడత వాళ్లింటికి...”

“వెళ్లలేదు. వానలు మొదలైనప్పటి నుంచి వెళ్లలేదు. దానికి భిన్నాలు రావు. దాని తరవాత చెప్పినవేవీ రావు. అది చెప్పలేదు, నేను అడగలేదు.”

అమ్మ గోడకి జారబడి కూర్చుంది. “మరి మిమ్మల్ని పంపిస్తున్నారన్నారే... అది కూడా దీని వల్లేనా మేడమ్?” అంది. నేను ఇంట్లో బదిలీ సంగతి చెప్పాను గానీ, ఎందుకో చెప్పలేదు. నాకే అప్పటికి తెలీదు.

మేడమ్ మాట్లాడలేదు. అమ్మకి ఆ మౌనం చాలు. ఊఁ అనలేదు.

“ఇలా చేయమని మీకు ఎవరైనా చెప్పారా?” అన్నారు మేడమ్.

“లేదు” అంది అమ్మ వెంటనే. చీపురు తీసుకోవడానికి వంగింది. “నాకు నేనే అనుకున్నా.”

పెద్ద సారు వచ్చేసరికి మేము ఇంకా అక్కడే ఉన్నాం. మా హెడ్మాస్టరుని అందరం పెద్ద సారు అనే అంటాం. ఆయన నడిచినప్పుడు జేబులో తాళాల గుత్తి చప్పుడు చేస్తుంది. అది వినగానే మేము పుస్తకాలు తెరిచి కూర్చుంటాం. ఆ రోజు ఆ చప్పుడు ఎవరికీ వినిపించలేదు.

ఆయన ఆగిపోయిన ట్యాబ్‌లని చూశారు, కూర్చున్న మేడమ్‌ని చూశారు, అమ్మని మాత్రం చూడలేదు. జరిగింది మేడమ్ చెప్పారు. ఆయన ఆశ్చర్యపోతారేమోనని చూశాను. తలుపు దగ్గరికి వేసి వచ్చారంతే.

“మీటింగుకి అట్టే టైము లేదు. ఈ సంగతి ఈ గదిలోనే ఉండాలి” అన్నారు.

“అధికారికి చెప్పాలి కదా సార్.”

“చెప్పి? ఎరుపంతా బయటపడితే ట్యాబ్‌లన్నీ వెనక్కి పోతాయి. తప్పుడు లెక్క చూపించిన బడి అని మన పేరు పోతుంది. ఆయమ్మని రేపటి నుంచి రావద్దంటారు. వాళ్లింట్లో నెల తిరిగేసరికి ఠంచనుగా జీతం వచ్చే పని ఇదొక్కటే. మీకేమండీ, ఇక్కడ కాకపోతే ఇంకోచోట పాఠం చెప్పుకుంటారు. ఉద్యోగం ఎక్కడికీ పోదు. మీరు లెక్కల టీచరు, కాస్త లెక్క వేసుకోండి.”

“వేసుకున్నాను సార్” అన్నారు మేడమ్ లేస్తూ. “మీరు రాకముందే వేసుకున్నాను. నేనేమీ చెప్పను.”

మేడమ్ నా దగ్గరికి వచ్చారు. ఆవిడ ఎప్పుడూ నా తల నిమరలేదు, ఆ రోజూ నిమరలేదు. నేను పాఠాలు రికార్డు చేసే ట్యాబ్‌ని నా చేతిలోంచి తీసుకుని, దాని అద్దం తన కొంగుతో తుడిచి, మళ్లీ నా చేతికిచ్చారు.

“మీటింగులో కెమెరా నువ్వే పట్టుకోవాలి. చెయ్యి వణకకూడదు. వెలుతురు వెనక నుంచి పడనివ్వకు.” తరవాత గొంతు తగ్గించి, “అమ్మని ఏమీ అనకు” అన్నారు.

ఆవిడ వెళ్లాక అమ్మ దగ్గర కూర్చున్నాను. ఏమీ అనలేదు. అమ్మే అంది.

“ఏమే, ఆ మేడమ్ లేకపోతే నువ్వు పైచదువుకి వెళ్లగలవా?”

అబద్ధం చెబుదామనుకున్నాను. ఈ బడిలో అడుగుపెట్టిన కొత్తలో నేను ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. పేరు పిలిస్తే చెయ్యి మాత్రం ఎత్తేదాన్ని. అలాంటి నాకు మేడమ్ కెమెరా ఇచ్చి, ‘నువ్వు మాట్లాడక్కర్లేదు, చూస్తే చాలు’ అన్నారు. ఆవిడ బోర్డు మీద రాసే ప్రతి అంకెనీ అద్దంలోంచి అంత దగ్గరగా చూసి చూసి, లెక్కలంటే నాకు భయం పోయింది.

“వెళ్లలేను” అన్నాను.

అమ్మ తల ఊపింది. లేచి, ఊడుస్తూ సగంలో ఆపిన గది పూర్తిగా ఊడ్చింది. చెత్త ఎత్తి పారబోసి వచ్చింది. పని సగంలో వదిలేసి ఎక్కడికీ వెళ్లే మనిషి కాదు.

పెద్ద సారు గదిలో గోడ మీద టీవీ ఉంది. మీటింగులప్పుడు అందులో అధికారి కనిపిస్తారు. ఆయన మొహం చుట్టూ చిన్నచిన్న పెట్టెల్లో ఇతర బళ్ల టీచర్లు. ఒక పెట్టెలో ఎవరో గోడ మీది ఫ్యాను మాత్రమే చూపిస్తున్నారు. “ఆ ఫ్యాను ఏ సబ్జెక్టు చెబుతుందే?” అని రేడియో కిటికీ అవతల నుంచి గొణిగింది. నేను కెమెరా పట్టుకుని గోడవారగా నిలబడ్డాను. పెద్ద సారు ఒక పక్క, మేడమ్ ఒక పక్క.

అధికారి మాట నెమ్మది. చెడ్డవాడిలా ఏమీ లేరు. నిద్ర చాలని మనిషిలా ఉన్నారు.

“మీరు చేసిన పని చిన్నది కాదు మేడమ్” అన్నారు. “అంత దూరాన ఉన్న పిల్లలు ఒక్క పాఠం కూడా వదలకుండా చూశారంటే, ఆ పాఠాల్లో బలం ఉండబట్టే. ఆ పాఠాలు అక్కడ ఉంటాయి, మీరు ఇంకో బడికి కూడా ఉపయోగపడతారు. మీకేమైనా అభ్యంతరమా?”

“లేదు సార్” అన్నారు మేడమ్.

నా చెయ్యి వణకలేదు. ఎందుకు వణకలేదో నాకు తెలీదు.

“ఇంకొక్క మాట” అన్నారు అధికారి. “మిగతా బళ్లలో సగానికి సగం ఎరుపే. ఛార్జింగ్ లేదంటారు, పాఠం ఎక్కలేదంటారు, ట్యాబ్ పగిలిందంటారు. మీ దగ్గర ట్యాబ్‌లు ఎవరు చూసుకుంటారు?”

“మా ఆయమ్మ సార్. ఇప్పుడు పనిలో ఉంది” అన్నారు పెద్ద సారు.

“పిలవండి. ఆవిడకి నేనే చెప్పాలి అభినందనలు.”

పిలవక్కర్లేకపోయింది. అమ్మ గుమ్మం దగ్గరే ఉంది. లోపలికి వచ్చి, చెప్పులు లేని కాళ్లు దగ్గరికి చేర్చి నిలబడింది. నేను కెమెరా అమ్మ వైపు తిప్పాను. టీవీ మూల చిన్న పెట్టెలో మా అమ్మ కనిపించింది. ఆ పెట్టెలో అమ్మని చూడటం నాకు అదే మొదటిసారి. భుజం మీద గుడ్డ తీయడం మరిచిపోయింది.

“నమస్కారమమ్మా. మీ బడిలో ఒక్క ఎరుపు కూడా లేదు. అదెలా సాధ్యమైందో చెప్పండి. ఈ టీచర్లందరూ వింటున్నారు. మిగతా బళ్లలో కూడా మీ పద్ధతే పెడదాం.”

అమ్మ మేడమ్ వైపు చూసింది. మేడమ్ తల అడ్డంగా ఊపారు, చాలా కొద్దిగా, అమ్మకి మాత్రమే కనిపించేంత.

“నాకు చెప్పడం రాదు సార్” అంది అమ్మ. “చేసి చూపిస్తాను.”

“అదే కావాలి” అన్నారాయన.

అమ్మ బయటికి వెళ్లి, రెండు చేతులా ఒక ట్యాబ్ పట్టుకుని వచ్చింది. ఉడతది. పెద్ద సారు బల్ల మీద నీళ్ల కూజాకి ఆనించి నిలబెట్టి, నొక్కింది. నీలం చీర మేడమ్ భిన్నాలు మొదలుపెట్టారు. అమ్మ భుజం మీది గుడ్డ తీసి బల్ల తుడవడం మొదలుపెట్టింది. బల్ల మీది అద్దం అంచులు తుడిచింది, పెన్నుల డబ్బా ఎత్తి దాని కింద తుడిచింది. అధికారి చిరునవ్వుతో చూస్తున్నారు, అసలు పద్ధతి ఇంకా మొదలవలేదన్నట్టు.

“అదలా చెబుతూ ఉంటుంది సార్, నేను నా పని చేసుకుంటాను” అంది అమ్మ తుడుస్తూనే. “మధ్యలో ఏదో అడుగుతుంది, అవునని నొక్కుతాను. అయిపోయాక పచ్చగా అవుతుంది. అప్పుడు ఇంకోటి. ఎరుపు పోయేదాకా అన్నిటినీ అలాగే ఆడిస్తాను.”

ట్యాబ్‌లో మేడమ్ చాక్‌పీసు బల్ల మీద పెట్టారు. “ఇప్పుడు నువ్వు చెప్పు” అని ఊరుకున్నారు. గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆ చిన్న పెట్టెల్లోని టీచర్లూ మాట్లాడలేదు. అధికారి మొహంలో నవ్వు నెమ్మదిగా పోయింది.

“మరి పిల్ల ఏదమ్మా?” అన్నారు.

“పిల్ల గట్టు మీద ఉంటుంది సార్.”

మేడమ్ కళ్లు మూసుకున్నారు. కిటికీ అవతల రేడియో రెండు చేతులతో నోరు మూసుకోవడం నాకు కనిపించింది.

“పిల్లకి భిన్నాలు రావు సార్. ఆ ఒక్క పిల్లకే కాదు. నేను పచ్చగా చేసినందుకు మేడమ్ వాళ్లిళ్లకి వెళ్లడం మానేశారు. ఆవిడ తప్పు లేదు, ఆవిడకి ఈ పొద్దున దాకా తెలీదు. మీరు ఆవిడని తీసుకెళ్లిపోతే ఇంక ఎవరూ వెళ్లరు. నన్ను తీసేయండి సార్. ఆవిడని ఉంచండి.” గుడ్డ మడిచి పిండింది. పొడిగుడ్డే, అందులోంచి ఏమీ రాలేదు.

అధికారి అమ్మనే చూస్తూ ముందుకి వంగారు.

“ఒకటి అడుగుతాను, నిజం చెప్పాలి. ఇలా చేయమని మీకు ఎవరు చెప్పారు?”

స్టోరు గదిలో మేడమ్ ఇదే అడిగితే అమ్మ వెంటనే లేదంది. ఇప్పుడు అనలేదు. నేను అద్దంలోంచి చూస్తున్నాను కాబట్టి నాకు బాగా కనిపించింది. అమ్మ చూపు మేడమ్ మీద ఆగలేదు, నా మీద ఆగలేదు, బల్ల చివరిదాకా వెళ్లి పెద్ద సారు మీద ఆగింది.

తాళాల గుత్తి చప్పుడైంది. పెద్ద సారు లేచారు.

“సార్, సిగ్నల్ సరిగా లేనట్టుంది, మళ్లీ కలుపుతాం” అంటూ నా వైపు వచ్చారు. ఆయన చెయ్యి నా ట్యాబ్ మీది ఎర్ర గుండ్రం వైపు చాచి ఉంది. అది నొక్కితే మీటింగు తెగిపోతుంది. “ఇటివ్వమ్మా” అన్నారు, మెల్లగా, పాఠం అప్పజెప్పమన్నంత మామూలుగా.

పెద్ద సారు ఏదడిగినా ఇవ్వడమే నాకు తెలుసు. నేను ఒక అడుగు వెనక్కి వేశాను. వీపుకి గోడ తగిలింది. కెమెరా మాత్రం అమ్మ మీద నుంచి తిప్పలేదు.

“చెప్పమ్మా” అన్నాను.